పళ్ల వైద్యానికి ఈఎంఐ తీసుకోవాలా?

ప్రశ్న: మా ఇంట్లో ఐదుగురం. మావారు, నేను, 13 ఏళ్ల పాప, 7 ఏళ్ల బాబు, మా అత్తగారు. మావారికి దవడ పన్ను నొప్పి రావడంతో మా ఫ్యామిలీ డెంటిస్టు దగ్గరికి వెళ్లాం. పనిలో పనిగా అందరం చూపించుకున్నాం. మావారికి రూట్ కెనాల్ (పన్ను లోపల పాడైన నరం తీసి శుభ్రం చేయడం) చేసి క్యాప్ వేయాలన్నారు. నాకు రెండేళ్ల క్రితం తీసేసిన పన్ను చోట ఇంప్లాంట్ (దవడలో స్క్రూ పెట్టి దాని మీద కట్టే పన్ను), పాప వంకర పళ్లకు అలైనర్లు (తీసి పెట్టుకునే ప్లాస్టిక్ తొడుగులు), మావారికీ నాకూ కలిపి మూడు ఫిల్లింగులు, అందరికీ క్లీనింగ్ రాసిచ్చారు. అంతా కలిపితే మా ఇద్దరి రెండు నెలల జీతం. మొత్తం వంద అనుకుంటే అలైనర్లకు 45, ఇంప్లాంట్‌కు 25, రూట్ కెనాల్, క్యాప్‌లకు 20, మిగతావాటికి 10. ఈలోగా మావారు నొప్పి తగ్గిపోయింది, తర్వాత చూద్దాంలే అంటున్నారు. అత్యవసర నిధి మూడు నెలల ఖర్చులకు సరిపడా ఉంది. వడ్డీ లేని ఈఎంఐ ఇస్తామని క్లినిక్‌లో అన్నారు. తీసుకోమంటారా? ఆరోగ్య బీమా పనికొస్తుందా?

జవాబు: ముందు మీవారి పన్ను సంగతి. డబ్బు లెక్క అంతా దాని మీదే ఆధారపడి ఉంది. రూట్ కెనాల్ అవసరమని తేలిన పన్ను ఉన్నట్టుండి నొప్పి మానేస్తే నయమైపోయిందని సంబరపడకూడదు. చాలాసార్లు లోపలి నరం చచ్చిపోవడం వల్లే ఆ నొప్పి ఆగుతుంది. ఇన్‌ఫెక్షన్ మాత్రం ఎక్కడికీ పోదు. మెల్లగా వేరు చివరి నుంచి ఎముకలోకి దిగుతుంది. కొన్ని వారాలకో నెలలకో బుగ్గ వాచి మళ్లీ బయటపడుతుంది. ముఖం వాచినా, జ్వరం వచ్చినా, నోరు తెరవడం, మింగడం కష్టమైనా ఒక్క రోజు కూడా ఆగకూడదు.

ఇక ఖర్చు వైపు నుంచి చూడండి. పుచ్చు పైపొరలో ఉన్నప్పుడు చిన్న ఫిల్లింగ్‌తో పోతుంది. నరం దాకా వెళితే రూట్ కెనాల్, దాని మీద క్యాప్. అప్పుడూ వదిలేస్తే పన్ను తీసేయడం, ఆ ఖాళీలో ఇంప్లాంటో, పక్క పళ్ల ఆధారంతో కట్టే బ్రిడ్జో పెట్టించుకోవడం. మీ ఎస్టిమేట్‌లోనే చూడండి, మీ ఇంప్లాంట్ ఒక్కదానికే 25 పడుతోంది, మీవారి పన్నును కాపాడటానికి 20 చాలు. ఈరోజు 20 మిగిలిందనుకుని ఆగితే రేపు పన్ను తీయించుకున్న ఖర్చు, దాని మీద ఇంకో 25 మీ ఇంటికి రావచ్చు. గోటితో పోయేదానికి గొడ్డలి దాకా తెచ్చుకోవడమంటే ఇదే. క్యాప్ కూడా వాయిదా వేయకండి. రూట్ కెనాల్ చేసిన దవడ పన్ను పెళుసుగా ఉంటుంది. క్యాప్ లేకుండా నెలల తరబడి నమిలితే నిలువునా చీలవచ్చు. అలా చీలితే తీసేయడం తప్ప సాధారణంగా దారి ఉండదు, పెట్టిన డబ్బంతా పోతుంది.

నా దగ్గరికి వచ్చే కుటుంబాలు ఇలాంటి కాగితం చూసి బెంబేలెత్తడానికి కారణం, అన్నీ ఒకదాని కింద ఒకటి రాసి కింద మొత్తం వేసి ఉండటం. అది బిల్లు కాదు, ప్లాన్. డాక్టరు గారిని అడిగి దాన్ని మూడు భాగాలుగా రాయించుకోండి. ఇప్పుడే చేయాల్సినవి, ఈ మూడు నాలుగు నెలల్లో చేయాల్సినవి, ఏడాది ఆగినా నష్టం లేనివి. మంచి డెంటిస్టు ఎవరూ ఇందుకు చికాకు పడరు.

మీ విషయంలో మొదటి భాగం రూట్ కెనాల్, క్యాప్. రెండు నెలల జీతంలో ఐదో వంతు అంటే 12 రోజుల ఆదాయం. దీన్ని నిశ్చింతగా అత్యవసర నిధి నుంచి తీయండి. ఇన్‌ఫెక్షన్ ఉన్న పన్ను కంటే అత్యవసరం ఏముంటుంది? తీసినదాన్ని ఆరు నెలల్లో మళ్లీ నింపండి. ఫిల్లింగులు, క్లీనింగ్ కలిపి ఆరు రోజుల ఆదాయం. మూడు నెలల జీతాల్లో సర్దుకుంటే సరిపోతుంది. వీటికి అప్పు అక్కర్లేదు.

ఈఎంఐ గురించి. వడ్డీ లేదన్న మాటను నమ్మే ముందు ఒక్క ప్రశ్న అడగండి: మొత్తం ఒకేసారి కడితే ఎంత తగ్గిస్తారు? ఎనిమిది శాతం తగ్గిస్తామన్నారనుకుందాం. అంటే వైద్యం అసలు ధర 92. ఈఎంఐలో మీరు 12 నెలల పాటు మొత్తం 100 కడతారు. ఆ ఎనిమిది ఏడాదికి ఎనిమిది శాతం వడ్డీ అనుకుంటారు చాలామంది. కానీ ప్రతి నెలా అసలు కొంత తీరుస్తూ వస్తున్నారు కాబట్టి అది ఏడాదికి సుమారు 16 శాతం వడ్డీతో సమానం. ప్రాసెసింగ్ ఫీజు ఉంటే ఇంకా ఎక్కువ. తగ్గింపు లేదు, ఫీజు లేదు అంటే మాత్రం నిరభ్యంతరంగా తీసుకోవచ్చు. అయితే అప్పుడే మొదలుపెడుతున్న వైద్యానికి మాత్రమే. మొత్తం ప్లాన్‌కు ఒకేసారి ఈఎంఐ తీసుకుంటే ఇంకా మొదలుకాని వైద్యానికి కూడా కిస్తీలు కడుతుంటారు. మధ్యలో డాక్టరును మార్చాలనిపించినా కష్టం.

బీమా మీద పెద్దగా ఆశ పెట్టుకోవద్దు. మామూలు ఆరోగ్య పాలసీలు ఎక్కువగా ప్రమాదంలో దెబ్బతిన్న పళ్లకే డబ్బు ఇస్తాయి. ఫిల్లింగులు, క్లీనింగ్, ఇంప్లాంట్లు మినహాయింపుల జాబితాలో ఉంటాయి. మీ పాలసీలో ఔట్ పేషెంట్ లేదా డెంటల్ కవర్ ఉందేమో చూడండి. ఉంటే ఏడాది పరిమితి ఎంతో, వెయిటింగ్ పీరియడ్ (పాలసీ తీసుకున్నాక క్లెయిముకు ఆగాల్సిన కాలం) ఉందో లేదో చదవండి. ఏడాది పరిమితి ఉన్న పాలసీ అయితే, ఆగగలిగిన వైద్యాన్ని రెన్యూవల్ తర్వాతకు జరిపి రెండేళ్ల పరిమితీ వాడుకోవచ్చు.

మీ ఇంప్లాంట్‌కు ఇప్పటికే రెండేళ్లు ఆలస్యమైంది. ఇంకో ఆరు నెలలు ఆగడం వల్ల లెక్క పెద్దగా మారదు, ఇంకో ఐదేళ్లు ఆగితే మారుతుంది. పన్ను లేని చోట ఎముక అరుగుతుంది, పక్క పళ్లు ఒరుగుతాయి, ఎదుటి పన్ను ఖాళీలోకి జారుతుంది. అప్పుడు ఎముక గ్రాఫ్టింగ్ (అరిగిన చోట ఎముక నింపడం) అని ఇంకో ఖర్చు తోడవుతుంది. ఇంప్లాంట్‌లో ఒక వెసులుబాటు ఉంది. దవడలో స్క్రూ పెట్టాక అది ఎముకతో అతుక్కోవడానికి సాధారణంగా మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది, పైన పన్ను ఆ తర్వాతే. కాబట్టి డబ్బు కూడా రెండు విడతల్లో కట్టేలా మాట్లాడుకోండి. ఒకటి అడగడం మర్చిపోకండి: చెప్పిన ధరలో పైన పెట్టే పన్ను కూడా ఉందా, స్క్రూ వరకేనా?

అలైనర్ల దగ్గర నేను గట్టిగా ఆపుతాను. బిల్లులో దాదాపు సగం ఇదే. పళ్లు సరిచేసే ఆర్థోడాంటిస్టును విడిగా ఒకసారి కలిసి, ఏడాది ఆగితే పాపకు జరిగే నష్టం ఏమిటని సూటిగా అడగండి. పై పళ్లూ కింది పళ్లూ సరిగ్గా కలవక దవడ పెరుగుదలకు ఇబ్బంది అయితే ఆగకూడదు. వరుస కొంచెం తప్పడమే అయితే తొందర లేదు. అలైనర్లను రోజుకు 20 నుంచి 22 గంటలు పెట్టుకోవాలి. తీసి బ్యాగులో పడేసే పిల్లలకు ఆ డబ్బు దండగ. మామూలు బ్రేసెస్ చాలాచోట్ల తక్కువలో అవుతాయి, పైగా తీయడానికి వీలుండదు. ఏది వేయించినా తర్వాత, సరిచేసిన పళ్లు మళ్లీ కదలకుండా ఉంచే రిటైనర్లు వాడాల్సిందే, వాటి ధర కూడా లెక్కలో కలపండి.

మీ ఎస్టిమేట్‌లో లేనిది ఒకటి ఉంది. బాబుకు ఆరేళ్లప్పుడు వచ్చే శాశ్వత దవడ పళ్లు వచ్చి ఉంటాయి. వాటి గాడుల్లో పుచ్చు పట్టకుండా సీలెంట్ అనే పూత పూయించుకోవచ్చేమో అడగండి. నా లెక్కలో ఈ మొత్తం పేజీలో అన్నిటికంటే లాభసాటి ఖర్చు అదే.

ఇకపై పళ్ల కోసం నెలనెలా కొంత విడిగా పెట్టండి. లెక్క సులువే. ఐదుగురి ఏడాది చెకప్, క్లీనింగ్, పైన ఒక ఫిల్లింగ్ కలిపి 12తో భాగించండి. క్యాప్ జీవితకాలం పది నుంచి పదిహేనేళ్లు, సగటున 12 ఏళ్లు అనుకుంటే దాని ధరను 144తో భాగించి అదీ కలపండి. రోజూ రెండు పూటలా ఫ్లోరైడ్ పేస్టుతో రెండేసి నిమిషాలు తోముకుంటే ఈ నిధిలో కొంత మిగిలిపోవచ్చు.

అత్తగారి క్లీనింగ్‌ను ఆవిడ పెద్దావిడ, ఇప్పుడెందుకులే అని కొట్టేయకండి. గార తీయిస్తే పళ్లు వదులవుతాయన్నది అపోహ. గార వల్ల చిగుళ్లు దెబ్బతిని వదులైన పళ్లే, గార పోయాక కదులుతున్నట్టు తెలుస్తాయి. ఆవిడకు షుగర్ ఉంటే చిగుళ్ల జబ్బు దాన్ని అదుపు తప్పిస్తుంది, షుగర్ చిగుళ్లను పాడు చేస్తుంది. వెళ్లేటప్పుడు ఆవిడ వాడే మందుల చీటీ తీసుకెళ్లండి. రక్తం పలుచబడే మాత్రలు వేసుకుంటుంటే డెంటిస్టుకు ముందే చెప్పండి, మీ అంతట మీరు ఆపించకండి.