కట్ట విప్పే ముందు

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

చెన్నై ప్యారీస్ కార్నర్ దగ్గరి కోర్టు ఆవరణలో నిన్ను ఈ-ఫైళ్ల సెక్షన్‌లో వేశారని, ఎక్కడ మొదలుపెట్టాలో తోచడం లేదని మీ అమ్మ ఫోనులో చెప్పింది. స్కానర్ దగ్గర మాత్రం మొదలుపెట్టకు. ముందు ఒక తేదీ ఖాయం చేయించు. ఆ రోజు నుంచి దాఖలయ్యే దావాలకీ, వాటి మధ్యలో వేసే అర్జీలకీ (ఐ.ఏ.లకీ) ఎలక్ట్రానిక్ ఫైలే అసలు, కాగితం దానికి నకలు అని హైకోర్టు నిబంధనలకు లోబడి రాతపూర్వకంగా ఉత్తర్వు ఉండాలి. లేకపోతే ఒకే కేసుకు రెండు ఫైళ్లు బతుకుతాయి. బెంచి క్లర్కు కాగితం మీద వాయిదా మారుస్తాడు, కోర్టు కేసుల కంప్యూటర్ వ్యవస్థ సీఐఎస్‌లో పాత తేదీ అలాగే ఉంటుంది. కక్షిదారు ఫోనులో తేదీ చూసుకుని వచ్చేసరికి కేసు పిలిచి, హాజరు లేదని కొట్టేసి ఉంటారు. సాయంత్రం కోర్టు లేచేలోపు ఆ రోజు వాయిదాలన్నీ సీఐఎస్‌లో ఎక్కాయో లేదో ఒకరు సంతకం పెట్టి చెప్పే ఏర్పాటు చెయ్యి.

పాత కట్టల్ని బీరువా వరసన కాదు, వాయిదా వరసన తియ్యి. మూడు వారాల్లో విచారణకు వచ్చేవి ముందు. తీర్పయిన వాటిలో అప్పీలుకు వెళ్లినవి, నకళ్లకు అర్జీ పడినవి తర్వాత. మిగతావి ఆఖరున.

అసలు శ్రమంతా కట్ట విప్పడంలోనే ఉంది. దారం విప్పగానే కాగితాలు లెక్కపెట్టి, ప్రతి పుట మూలలో పెన్సిలుతో అంకె వెయ్యాలి. గుండుసూదులు, పిన్నులు ఊడదీయాలి. ఒక్క పిన్ను మిగిలినా స్కానర్ గాజు గీసుకుపోయి, ఆ తర్వాతి పుటలన్నిటి మీదా నిలువు గీత పడుతుంది. టేపు అంటించినవి, మడత దగ్గర చిరిగినవి, పాత ఆకుపచ్చ లెడ్జర్ కాగితాలు ఫీడరులో వెయ్యొద్దు, పలక స్కానర్ మీద ఒక్కొక్కటీ పెట్టాలి. స్కాన్ చేసినవాళ్లే సరిచూడకూడదు. మొదట లెక్కపెట్టిన సంఖ్య, చివర ఫైల్లో ఉన్న సంఖ్య రిజిస్టరులో పక్కపక్కన కనపడాలి.

‘ఖాళీ పుటలు వదిలెయ్’ అనే సెట్టింగు స్కానర్‌లో ఉంటుంది. దాన్ని ఆపేయించు. స్టాంపు కాగితం వెనక వెండరు రాసిన తేదీ, కొన్నవాడి పేరు, సబ్‌రిజిస్ట్రారు ముద్ర వెలిసిపోయి ఉంటాయి. యంత్రానికి అది తెల్ల కాగితమే. దస్తావేజు నిజమైనదా కాదా అన్న వాదన చాలాసార్లు ఆ వెనక పుట మీదే తిరుగుతుంది.

అంగుళానికి 300 చుక్కలు (డీపీఐ) చాలు. ముద్రలు, వేలిముద్రలు, రంగు సిరా సంతకాలు ఉన్నవి రంగుల్లోనే తియ్యాలి. నలుపు తెలుపులో ఊదా ముద్ర మాయమైపోతుంది. ఏ4 పుట ఆ కొలతలో 2480 అడ్డం, 3508 నిలువు చుక్కలు, రంగుల్లో కుదించకుండా దాదాపు 26 ఎంబీ. కుదించక తప్పదు, కానీ ఎలా కుదిస్తున్నారో అడుగు. 2013లో జర్మనీలో బయటపడిన సంగతి ఇది: కొన్ని కాపీయర్లు ఒకేలా కనపడే అక్షరాలన్నిటికీ ఒకే బొమ్మ వాడేసి, 6 ఉన్నచోట 8 వేసి పెట్టాయి. పుట చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది, అంకె తప్పు. సర్వే నంబరులోనో డిక్రీ మొత్తంలోనో అలా జరిగితే ఎవరు పట్టుకుంటారు? జేబిగ్2 అనే పద్ధతిలో నష్టంతో కుదించే రకాన్ని పూర్తిగా నిషేధించమని టెండరులోనే రాయించు.

ఫైలు పేరు సీఎన్ఆర్ నంబరుతో, అంటే ప్రతి కేసుకూ విడిగా ఉండే గుర్తింపు సంఖ్యతో మొదలవ్వాలి. అందులో అక్షరాలూ అంకెలూ కలిపి 16 ఉంటాయి, చివరి నాలుగూ సంవత్సరం. ఆ తర్వాత పత్రం రకం, తేదీ. ‘కొత్త స్కాన్ ఫైనల్ 2’ లాంటి పేర్లు ఒక్కటి కూడా రానివ్వకు. తెర మీది పుట సంఖ్య, కాగితం మీది అంకె ఒకటే అయ్యేలా అట్ట నుంచే లెక్కపెట్టు. లేకపోతే జడ్జిగారు 47 అంటే వకీలు 51 తెరుస్తాడు.

తెలుగు దస్తావేజులు నీ దగ్గరికి వస్తాయి. తిరుత్తణి 1960 దాకా చిత్తూరు జిల్లాలోదే కదా, అటువైపు ఆస్తుల పాత కాగితాలు మన లిపిలోనే ఉంటాయి. చేతిరాతను ఓసీఆర్, అంటే బొమ్మలోంచి అక్షరాలు చదివే సాఫ్ట్‌వేర్, నమ్మకంగా చదవలేదు. ఎవరు ఎవరికి రాశారు, తేదీ, సర్వే నంబరు మనిషే సూచికలో టైపు చెయ్యాలి. ఫసలీ (పాత రెవెన్యూ లెక్క) సంవత్సరాన్ని ఉన్నది ఉన్నట్టు రాసి, పక్కన 590 కలిపి మామూలు సంవత్సరం వెయ్యి: ఫసలీ 1350 అంటే 1940-41. పాత అను ఫాంట్లతో టైపు చేసిన పత్రాలు తెర మీద తెలుగులా కనపడతాయి, వెతికితే దొరకవు. యూనికోడ్‌లోనే ఇమ్మని వకీళ్ల గుమాస్తాలకు ఇప్పుడే చెప్పు.

డిజిటల్ సంతకం అన్నిటికన్నా చివర. సరిచూడటం, ఓసీఆర్, బుక్‌మార్కులు, ఏళ్ల తరబడి దాచడానికి వాడే పీడీఎఫ్-ఏ రకంలోకి మార్చడం అయ్యాకే. సంతకం పడిన ఫైలును చిన్నది చేసినా, మరొకదానితో కలిపినా ఆ సంతకం చెల్లదు. సంతకం పెట్టే యూఎస్‌బీ టోకెన్, దాని పిన్ ఎవరివి వాళ్ల దగ్గరే ఉండాలి. జడ్జిగారి టోకెన్ నీ సొరుగులో ఉంచమని ఎవరన్నా వినకు.

సమన్ల సంగతి. సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన బీఎన్ఎస్ఎస్ 2024 జులై 1 నుంచి అమల్లో ఉంది, కోర్టు ముద్ర బొమ్మతో ఎలక్ట్రానిక్‌గా సమన్లు పంపడానికి 64వ సెక్షన్ వీలిస్తుంది. దాన్ని పోలీసు నోటీసులకు అన్వయించకు. హాజరు నోటీసులు వాట్సాప్‌లో ఇవ్వొద్దని సుప్రీంకోర్టు 2025 జనవరిలో చెప్పింది. మెయిల్ పంపినంత మాత్రాన అందినట్టు కాదు. తిరిగొచ్చిన మెయిళ్లు రోజూ చూసి, అదే రోజు బత్తా (సమన్ల ఖర్చు) సరిచూసి, సమన్లు చేతికిచ్చే అమీనాకు అప్పగించు. పంపే మెయిల్ హోదా పేరు మీద ఉండాలి, మనిషి పేరు మీద కాదు, బదిలీతో పోకూడదు.

పోక్సో కేసుల్లో పిల్ల పేరు మీద నల్ల పెట్టె పెట్టి అప్‌లోడ్ చేస్తే, ఆ పెట్టె కింది అక్షరాలు కాపీ చేసుకుంటే వచ్చేస్తాయి. ఆ అక్షరాలు ఫైల్లోంచే తీసెయ్యాలి. ఈ ఒక్కటీ నువ్వే స్వయంగా చూడు.

స్కాన్ అయింది కదా అని అసలు కాగితం వదలొద్దు. వీలునామాలను సమాచార సాంకేతిక (ఐటీ) చట్టమే తన పరిధిలోంచి తీసేసింది. ఎగ్జిబిట్లు భద్రంగా ఉండాలి. ఏది నాశనం చేసినా నిబంధన చూసి, గడువు తీరాకే. ఎలక్ట్రానిక్ ప్రతులు మూడు, రెండు రకాల పరికరాల మీద, ఒకటి వేరే చోట ఉంచు. 2015 డిసెంబరు వరదలు చూసిన ఊరు మనది, నేల అంతస్తులో సర్వర్ పెట్టనివ్వకు. నెలకోసారి పది ఫైళ్లు బ్యాకప్ నుంచి వేరే కంప్యూటర్లో తెరిచి, హాష్ (ఫైలు మారితే మారిపోయే గుర్తింపు సంఖ్య) సరిపోయిందో చూడు.

సోమవారం నూరు పుటల కట్ట ఒక్కటే తీసుకో. విప్పడానికి, స్కాన్‌కి, సరిచూడటానికి, తిరిగి కట్టడానికి ఎంతసేపు పట్టిందో విడివిడిగా రాసుకో. మనుషులు ఎంతమంది కావాలో ఆ కాగితం పట్టుకుని వెళ్లి అడుగు.

మీ పెదనాన్న