నిశ్చితార్థపు ఉంగరానికి అప్పు చేయవద్దు

ప్రశ్న: మాది ఒడిశాలోని రాయగడ. వయసు 28. ఒక కర్మాగారంలో కాంట్రాక్టు సంస్థ తరఫున సూపర్‌వైజరుగా పనిచేస్తున్నాను. జీతం 32,000 చేతికి వస్తుంది. అమ్మానాన్నలతో కలిపి ఇంటి ఖర్చు 21,000. మాఘమాసంలో నా నిశ్చితార్థం. అమ్మాయిది పార్వతీపురం. తనకు నీలం రాయి ఉంగరం ఇష్టమంటే విశాఖపట్నంలో ఒకటి చూశాను. ధర 1,80,250 రూపాయలు. నా పొదుపు 90,000. మిగతాది ఫోన్ యాప్‌లో 28 శాతం వడ్డీకి రెండేళ్ల రుణం తీసుకోవాలనుకుంటున్నాను. బంగారమే కాబట్టి అవసరమైతే తాకట్టు పెట్టుకోవచ్చు కదా? అమ్మ తన పాత ఉంగరం ఇస్తానంటోంది, కానీ తీసుకోవడానికి మనసు ఒప్పడం లేదు.

జవాబు: మీ ఉత్తరంలో ‘బంగారమే కాబట్టి’ అన్న మాట దగ్గరే అసలు చిక్కు ఉంది. రాళ్ల నగకు అప్పు చేసేవాళ్లలో చాలామంది ఈ మాటే చెప్పుకొని ధైర్యం తెచ్చుకుంటారు. అందుకే మీకు వివరంగా రాస్తున్నాను.

మీరు పంపిన అంచనా బిల్లు చూడండి. మొత్తం బరువు 6.2 గ్రాములు. రాయి 3 క్యారట్లు, అంటే 0.6 గ్రాము. అది తీసేస్తే నికర బంగారం 5.6 గ్రాములు, అదీ 18 క్యారట్ల స్వచ్ఛతది. దాని విలువ సుమారు 55,000. తరుగు, మజూరీ 15,000. రాయి 1,05,000. మూడు శాతం జీఎస్టీ 5,250. తాకట్టుకు వెళితే రాయి బరువు తీసేసి బంగారానికే లెక్క కడతారు. ముప్పాతిక వంతు ఇచ్చినా మీ చేతికి వచ్చేది 41,000 చుట్టూ. 1,80,250 పెట్టి కొన్న వస్తువు మీద వచ్చే అప్పు అంతే. ఇక రాయిని చాలా దుకాణాలు వెనక్కు తీసుకోవు, తీసుకున్నా ధర బాగా తగ్గించేస్తాయి.

ఇప్పుడు ఆ యాప్ రుణం సంగతి. 90,000కు నెలకు దాదాపు 4,940 చొప్పున 24 వాయిదాలు. వడ్డీయే 28,500 దాటుతుంది. ప్రాసెసింగ్ రుసుము దీనికి అదనం. ఇంటి ఖర్చు, వాయిదా పోగా మీకు మిగిలేది 6,060. పెళ్లయ్యాక ఇంట్లో ఇంకొక మనిషి ఉంటారు. ఇంత వడ్డీకి ఉంగరం కొనమని ఏ ముఖంతో చెప్పగలను? వద్దు, ఆ అప్పు తీసుకోకండి.

నన్ను ఇంతకంటే కలవరపెట్టే విషయం మరొకటి ఉంది. ఉన్న 90,000 ఉంగరానికి పోస్తే మీ ఇంట్లో అత్యవసర నిధి సున్నా. కాంట్రాక్టు గడువు ముగిసి పునరుద్ధరణ రెండు నెలలు ఆలస్యమైందనుకోండి, ఇల్లు ఎలా గడుస్తుంది? మీ వైపు కాస్త పెద్ద జబ్బు చేస్తే విశాఖపట్నం వెళ్లక తప్పదు. అర్ధరాత్రి అంబులెన్సు మాట్లాడుకోవాలి, ఆస్పత్రిలో చేర్చడానికి అడ్వాన్సు కట్టాలి, తోడు వెళ్లినవాళ్లకు గది అద్దె, భోజనం చూసుకోవాలి. బీమా ఉన్నా ఇందులో చాలావాటికి నగదు చేతిలో ఉండాల్సిందే. ఆరు నెలల ఇంటి ఖర్చు, అంటే 1,26,000, విడి ఖాతాలో ఉండాలి. మీ 90,000లో 60,000 ఈ రోజే అందులోకి మార్చండి. ఆ ఖాతాకు ఏటీఎం కార్డు తీసుకోకండి. మిగతా 66,000కు నెలనెలా మిగిలే 11,000 సరిపోతుంది. మధ్యలో బీమా ప్రీమియం కట్టాలి కాబట్టి ఎనిమిది నెలలు పడుతుందనుకోండి. పెళ్లి ఖర్చు గురించి మీరేమీ రాయలేదు. దానికీ ఈ డబ్బు ముట్టకూడదు.

బీమా గురించీ రాయలేదు. జీతం 21,000 దాటింది కాబట్టి మీకు ఈఎస్ఐ (ఉద్యోగుల ప్రభుత్వ బీమా) ఉండకపోవచ్చు. పార్వతీపురంలో బంధువులున్నా ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ఆరోగ్య పథకం ఒడిశా వాసులైన మీ కుటుంబానికి వర్తించదు. ఒడిశా పథకంలో మీ రేషన్ కార్డుకు అర్హత ఉందో లేదో వెంటనే కనుక్కోండి. అమ్మానాన్నలకు విడిగా, మీకు విడిగా పాలసీ తీసుకోండి. ముందునుంచీ ఉన్న జబ్బులకు మూడేళ్ల వరకు నిరీక్షణ కాలం ఉంటుంది, అంటే అప్పటిదాకా వాటి చికిత్సకు బీమా డబ్బు రాదు. వాయిదా వేసిన ప్రతి ఏడూ మీ అమ్మానాన్నలకే నష్టం. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమాపై జీఎస్టీ కూడా లేదు.

ఉంగరం మానేయమని నేను చెప్పడం లేదు. అమ్మాయి నోరు తెరిచి అడిగింది, తప్పకుండా పెట్టండి. మీ అమ్మగారి పాత ఉంగరం తీసుకోండి, అందులో చిన్నతనం ఏముంది? మీ ఎదుటే తూకం వేయించి, కరిగించి, ఆ బంగారంతోనే చేయించండి. రాయికి, మజూరీకి, పన్నుకు కలిపి 30,000 దాటవద్దు. నీలం పెద్దదయ్యేకొద్దీ ఒక్కో క్యారట్ ధర కూడా పెరుగుతుంది, అందుకే ముప్పాతిక క్యారట్ రాయి ఖర్చు మూడు క్యారట్ల రాయిలో నాలుగో వంతు కంటే బాగా తక్కువే ఉంటుంది. ప్రయోగశాలలో తయారైన నీలం ఇంకా చవక, గట్టిదనంలో తేడా ఉండదు. ఏది కొన్నా రాయికి విడిగా ధ్రువపత్రం అడగండి. సహజమా, వేడి చేసిందా, గాజు నింపిందా అన్నది అందులో ఉండాలి. హాల్‌మార్కు, హెచ్‌యూఐడీ (నగ మీద ముద్రించే గుర్తింపు కోడ్) బంగారం గురించి మాత్రమే చెబుతాయి, రాయి గురించి కాదు. నీలం శనిగ్రహపు రాయి అని పెద్దలకు పట్టింపు ఉంటే రెండు ఇళ్లలోనూ ముందే మాట్లాడుకోండి. కొన్నాక వద్దంటే నష్టపోయేది మీరే.

యాప్‌లో వివరాలు ఇప్పటికే ఇచ్చి, డబ్బు ఖాతాలో పడిపోయి ఉంటే కంగారు పడకండి. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం డిజిటల్ రుణాల నుంచి జరిమానా లేకుండా తప్పుకోవడానికి కొద్ది వ్యవధి ఇవ్వాలి. అది ఒక్క రోజే కావచ్చు. రుణ పత్రంలో ఆ గడువు చూసుకుని, అసలు, ఆ రోజుల వడ్డీ కట్టేసి, రుణం మూసినట్లు కాగితం తీసుకోండి.