వణికిస్తూ వెల్డింగ్ చేస్తే అల్యూమినియం అతుకు గట్టిపడుతుందా?

ప్రశ్న: 6 మి.మీ. మందం 6061-టి6 (వేడిచేసి గట్టిపరచిన మిశ్రమం) అల్యూమినియం ప్లేట్లను ఏసీ టిగ్‌తో (టంగ్‌స్టన్ కొనతో చేసే ఆర్క్ వెల్డింగ్), 4043 రాడ్‌తో (అతుకులో కరిగి నిండే అల్యూమినియం-సిలికాన్ తీగ) అతికి బ్రాకెట్లు చేస్తున్నాం. కొన్ని నెలలకే విరుగుతున్నాయి. వెల్డింగ్ చేస్తున్నంతసేపూ జాబ్‌ను (అతికే ముక్కను) వైబ్రేట్ చేస్తే అతుకు గట్టిపడుతుందని విన్నాం. నిజమేనా? ఎలా చేయాలి?
– ఒక పాఠకుడు, ఆటోనగర్, విజయవాడ

జవాబు: నిజమే. కానీ ముందు విరిగిన ముక్కను చేతిలోకి తీసుకుని చూడండి. బీడ్ (కరిగి గడ్డకట్టిన అతుకు గీత) మధ్యలో పొడవునా చీలిందా? విరిగిన చోట గుండ్రటి, నున్నటి చిన్న గుంటలు కనిపిస్తున్నాయా? అయితే వైబ్రేషన్ మీకు పనికొస్తుంది. బీడ్ బాగానే ఉండి, దాని పక్కన ప్లేటే తెగిందంటే ఎంత వణికించినా లాభం లేదు. 6061-టి6 బలం సుమారు 310 మెగాపాస్కల్స్. వెల్డింగ్ వేడికి బీడ్ పక్కన టెంపర్ (వేడితో ఇచ్చిన గట్టిదనం) దిగిపోయి అది 165–185 దగ్గరకు పడిపోతుంది. దానికి మందు వేరే ఉంది. ప్లేటును టి4 స్థితిలో (ఫర్నేస్‌లో ఇంకా పూర్తిగా గట్టిపరచనిది) కొని, అతికాక ఫర్నేస్‌లో 175 డిగ్రీల సెల్సియస్ దగ్గర సుమారు 8 గంటలు ఉంచాలి. లేదా లోడు ఎక్కువ పడే చోటి నుంచి అతుకును పక్కకు జరపాలి.

ఇక బీడ్ సంగతి. కరిగిన లోహం అంచుల నుంచి మధ్యకు గడ్డకడుతూ వస్తుంది. స్ఫటికాలు చెట్టుకొమ్మల్లా పొడుగ్గా పెరిగి మధ్యలో ఎదురెదురు పడతాయి. చివరగా గడ్డకట్టే ఆ గీత వెంబడే పగులు వస్తుంది. కరిగిన లోహపు మడుగు వణుకుతుంటే కొమ్మల కొనలు విరుగుతాయి, విరిగిన ప్రతి ముక్కా కొత్త స్ఫటికానికి విత్తనమవుతుంది. పొడుగు స్ఫటికాల బదులు సన్నటి రేణువులు ఏర్పడతాయి. హైడ్రోజన్ బుడగలు పైకి తేలిపోవడానికీ వణుకు సాయపడుతుంది. కరిగిన అల్యూమినియం హైడ్రోజన్‌ను ఎక్కువగా ఇముడ్చుకుంటుంది. గడ్డకట్టగానే ఆ శక్తి దాదాపు ఇరవయ్యో వంతుకు పడిపోతుంది. బయటికి పోలేని వాయువే ఆ గుంటలు.

అమరిక కష్టమేమీ కాదు. మందపాటి ఇనుప ప్లేటును బల్లగా చేసి నాలుగు మూలలా రబ్బరు మౌంట్ల మీద పెట్టండి. కింద చిన్న వైబ్రేటర్ మోటారు బిగించండి. రెండు పోల్స్ మోటారైతే సెకనుకు సుమారు 48 కంపనాలు వస్తాయి. జాబ్‌ను బల్లకు బోల్టులతో గట్టిగా బిగించాలి, క్లాంప్ వదులైతే జాబ్ కొట్టుకుంటుందే తప్ప వణకదు. ఎర్త్ క్లాంప్ (వెల్డింగ్ కరెంటు తిరిగి వెళ్లే తీగ పట్టు) నేరుగా జాబ్‌కే పెట్టండి. బల్లకు పెడితే కరెంటు మోటారు బేరింగుల గుండా పోయే ప్రమాదముంది. మోటారుకు వీఎఫ్‌డీ (వేగం మార్చే పరికరం) వాడుతుంటే దాన్ని టిగ్ మిషన్‌కు దూరంగా పెట్టి, విడిగా ఎర్త్ ఇవ్వండి. ఆర్క్ మొదలయ్యేటప్పుడు వచ్చే హైఫ్రీక్వెన్సీకి అది తికమకపడి ట్రిప్ అవుతుంది.

ఎంత వణికించాలో ఇసుక చెబుతుంది. పనికిరాని ప్లేటు ఒకటి బిగించి పైన పొడి ఇసుక చల్లండి. 48 కంపనాల దగ్గర కదలిక అటూ ఇటూ మిల్లీమీటరులో పదో వంతు దాటితే ఇసుక ఎగరడం మొదలవుతుంది. మోటారు ఇరుసుకున్న బరువులను సర్ది, ఇసుక అప్పుడప్పుడే కదిలే స్థాయిలో ఆపండి, అక్కడి నుంచి ట్రయల్ ముక్కల మీద కొంచెం కొంచెం పెంచుకోవచ్చు. ఇసుక ఒకే చోట పోగుపడిందంటే అక్కడ వణుకు లేనట్టే, అతుకు గీత ఆ చోట పడకూడదు. తర్వాత ఇసుకంతా పూర్తిగా తుడిచేయండి.

ఆర్క్ కొట్టక ముందే మోటారు ఆన్ చేసి, చివరి క్రాటర్ (బీడ్ ఆగిన చోటి గుంట) గడ్డకట్టాకే ఆపండి. బీడ్ గడ్డకట్టాక వణికిస్తే రేణువులు మారవు. మరీ ఎక్కువైతే ఆర్క్ పొడవు నిలకడగా ఉండదు, అంచుల్లో అండర్‌కట్ (ప్లేటు కరిగి ఏర్పడే గాడి) పడుతుంది, సగం గడ్డకట్టిన బీడ్ వణుకుకే చీలిపోతుంది.

శుభ్రత లోపాన్ని వైబ్రేషన్ కప్పిపుచ్చలేదు. ముందు అసిటోన్‌తో జిడ్డు తుడిచి, అది పూర్తిగా ఆరాక స్టెయిన్‌లెస్ స్టీల్ బ్రష్‌తో రుద్దండి. వరస తిరగబడితే జిడ్డు లోహంలోకి రుద్దుకుపోతుంది. రాడ్ కూడా తుడవాల్సిందే.

ఫలితం తేల్చుకోవడానికి ఒకే కరెంటు, ఒకే రాడ్‌తో రెండు ముక్కలు అతకండి, ఒకటి వణికిస్తూ, ఒకటి మామూలుగా. రెంటికీ బీడ్ మీద హాక్సాతో గాటు పెట్టి, వైస్‌లో బిగించి విరగ్గొట్టి గుంటలు పోల్చండి. రేణువుల సైజు మాత్రం ల్యాబ్‌లో మైక్రోస్కోపు కిందే తేలుతుంది.

ప్రశ్న: బ్యాటరీ ట్యాబ్‌లకు (సెల్ నుంచి బయటికొచ్చే పలుచటి రేకులకు) చేసే అల్ట్రాసోనిక్ వెల్డింగ్ కూడా ఇదేనా?
– ఒక విద్యార్థిని, వరంగల్

జవాబు: కాదమ్మా. అందులో లోహం కరగదు. 20 లేదా 40 కిలోహెర్ట్జ్ కంపనంతో పలుచటి రేకులను ఒత్తిడి మీద ఒకదానిపై ఒకటి రుద్దితే పైనున్న ఆక్సైడ్ పొర చెదిరిపోయి, కింది లోహం నేరుగా అతుక్కుంటుంది. 6 మి.మీ. ప్లేట్లకు ఆ పద్ధతి పనికిరాదు.