సంఘీభావ సభ డబ్బులో కేంద్రానికి వాటా

ప్రశ్న: జీతగాళ్లెవరూ లేకుండా కార్యకర్తలమే నడుపుకునే మా సామాజిక కేంద్రంలో, సమ్మెలో ఉన్న కార్మికుల కోసం పాటల సభ పెడుతున్నాం. వచ్చిన డబ్బులోంచి కేంద్రం అద్దెకు కొంత తీసుకోవడం తప్పా?

జవాబు: తప్పు కాదు, చెప్పకుండా తీసుకోవడమే తప్పు. ఖర్చులు పోగా మిగిలినదంతా కార్మికులకేనా, లేక అందులో ఫలానా వంతు కేంద్రానికా అన్నది ముందే అందరూ కూర్చుని తేల్చుకుని, ఆ మాటను కరపత్రం మీదా, విరాళాల డబ్బా మీదా స్పష్టంగా రాయండి. బ్రిటన్‌లోని బ్రాడ్‌ఫర్డ్‌లో 1981లో మొదలైన ‘వన్ ఇన్ ట్వెల్వ్ క్లబ్’ అనే సామాజిక కేంద్రం 1988లో సొంత భవనంలోకి చేరి, సభ్యుల స్వచ్ఛంద శ్రమతోనే కచేరీలు నడిపింది. సొంత గూడు లేని మీవంటి వారికి అద్దె కట్టడం కూడా ఉద్యమ ఖర్చేనని నా అభిప్రాయం. టికెట్టుకు ఒకే ధర పెట్టకుండా, ఉన్నవారు ఎక్కువగా, లేనివారు ఇవ్వగలిగినంత ఇచ్చే ఏర్పాటు చేయండి. ఎవరి కోసం సభ జరుపుతున్నామో వారే గుమ్మం బయట నిలబడిపోకూడదు కదా! ఆ రాత్రే డబ్బాను ఇద్దరు కలిసి లెక్కపెట్టి, చీటీ మీద ఇద్దరూ సంతకాలు చేసి, వసూలైనదీ ఖర్చయినదీ పంపినదీ వారంలోగా గోడకు అంటించాలి. పాడడానికి వచ్చినవారి దారి ఖర్చులు మాత్రం సభ ముగియగానే చేతికిచ్చి పంపండి.