టెక్ సందేహాలు: మ్యాన్ పేజీ అడుగున ఉండే ఆ లైన్ మనల్ని యాడికి తీసుకుపోతుంది?

(కమాండ్లన్నీ ఇక్కడ పలికినట్టు తెలుగులో రాస్తున్నా, టెర్మినల్‌లో మాత్రం ఇంగ్లీష్ చిన్న అక్షరాల్లోనే కొట్టండి.)

ప్రశ్న: అన్నా నమస్తే. మాది పలమనేరు దగ్గర పల్లె, తిరుపతిలో బీఎస్సీ కంప్యూటర్స్ చదువుతా ఉండా. మా నాయన మామిడికాయల లోడ్లు ఫ్యాక్టరీకి తోలతాడు. ఆ లెక్కలు టెక్స్ట్ ఫైల్‌లో పెట్టి సార్ట్ కమాండ్‌తో వరసగా పెడదామంటే తప్పుగా వస్తా ఉండాది. మ్యాన్ సార్ట్ అని కొట్టి, ఆ కమాండ్ ఎట్ల వాడాలో చెప్పే మ్యాన్ పేజీ చదివినా అర్థం కాలే. దాని అడుగున 'ఫుల్ డాక్యుమెంటేషన్' అని ఒక వెబ్ అడ్రస్, దాని కింద ఇన్ఫో అని ఇంకో కమాండ్ ఇచ్చినారు. ఊర్లో నెట్ సరిగా రాదు. ఇన్ఫో కొడితే కమాండ్ నాట్ ఫౌండ్ అంటాది. ల్యాప్‌టాప్‌లో ఉబుంటు 22.04 ఉండాది. ఆ పూర్తి మాన్యువల్ యాడ చదవాల?

జవాబు: తమ్ముడూ, ఆ పూర్తి మాన్యువల్ ఇప్పటికే నీ ల్యాప్‌టాప్‌లోనే ఉంది. కంప్యూటర్‌లోనే దొరుకుతుందని ఆ మ్యాన్ పేజీ ఒక ముక్క అంటుంది, కానీ ఇన్ఫో లేకపోతే ఎట్ల చదవాలో చెప్పకపోవడమే నాకు బాధ. యూఎస్ఆర్ ఫోల్డర్‌లో షేర్, దాంట్లో ఇన్ఫో అని ఒక ఫోల్డర్ ఉంటుంది, అక్కడ కోర్‌యుటిల్స్ డాట్ ఇన్ఫో డాట్ జీజెడ్ అనే ఫైల్ చూడు. ఎల్ఎస్, సార్ట్, కట్, హెడ్, టెయిల్, ఇట్ల మనం రోజూ వాడే చిన్న కమాండ్లన్నిటి పుస్తకం అది, ఆ కమాండ్లుండే కోర్‌యుటిల్స్ ప్యాకేజీతో పాటే వచ్చేస్తుంది. నీ దగ్గర లేనిది పుస్తకం కాదు, దాన్ని చదివి చూపించే ఇన్ఫో అనే ప్రోగ్రామ్ మాత్రమే. అది లేకపోయినా పర్వాలేదు, జెడ్‌లెస్ అని కొట్టి ఆ ఫైల్ పేరు ఇస్తే తెరుచుకుంటుంది. లోపల స్లాష్ కొట్టి 'సార్ట్ ఇన్వొకేషన్' అని వెతుకు, మొదట విషయసూచికలో తగులుతుంది, ఎన్ నొక్కుతా పో, అసలు చాప్టర్ వస్తుంది. ఒక్క పైసా డేటా ఖర్చు లేదు.

తిరుపతికి వచ్చినప్పుడు హాస్టల్ వైఫైలో సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ ఇన్ఫో అని ఒకసారి కొట్టేయ్, చిన్న ప్యాకేజీనే. అప్పటి నుంచి మ్యాన్ పేజీ అడుగున చెప్పిన కమాండ్ కూడా పని చేస్తుంది. దాంట్లో ఇన్ఫో అనే మాట తర్వాత బ్రాకెట్‌లో కోర్‌యుటిల్స్, దాని పక్కన సార్ట్ ఇన్వొకేషన్ అని ఉంటుంది, బ్రాకెట్ ఉంది కాబట్టి ఇన్ఫో తర్వాత ఉన్నదంతా సింగిల్ కోట్స్‌లో పెట్టాలి, లేకపోతే షెల్ (మనం కొట్టిన కమాండ్‌ని చదివి నడిపించేది) సింటాక్స్ ఎర్రర్ అని తిప్పి కొడుతుంది. ఎవరైనా వర్డ్ ఫైల్‌లో రాసిచ్చింది కాపీ చేస్తే ఆ కోట్స్ వంకర కోట్స్ అయిపోయి ఉంటాయి, షెల్‌కి అవి కోట్సే కావు, మళ్ళీ అదే ఎర్రర్. చేత్తో టైప్ చేసుకో. లోపలికి పోయినాక ఎన్ అంటే తర్వాతి భాగం, యు అంటే పైకి, ఐ అంటే ఇండెక్స్‌లో వెతకడం, క్యూ అంటే బయటికి.

ఇప్పుడు మామిడికాయలు. నువ్వు పంపిన ఫైల్‌లో మొదటి కాలమ్ రకం, రెండోది కిలోలు. ముందు రకం ప్రకారం, ఒకే రకంలో కిలోల ప్రకారం తక్కువ నుంచి ఎక్కువకి రావాలని మైనస్ కె 1, మైనస్ కె 2ఎన్ అని ఇచ్చావు (ఎన్ అంటే అంకెలుగా పోల్చమని). తోతాపురి 1200 పైన వచ్చింది, తోతాపురి 900 కింద వచ్చింది. నీ లెక్క ఎక్కడ తప్పిందంటే, కె 1 అంటే మొదటి కాలమ్ ఒక్కటే అని నువ్వు అనుకున్నావు, సార్ట్‌కి మాత్రం దాని అర్థం మొదటి కాలమ్ నుంచి లైన్ చివరిదాకా అని. అంటే మొత్తం లైన్‌నే అక్షరాలుగా పోల్చేసింది, అక్షరాలుగా చూస్తే 9 కంటే 1 ముందు కాబట్టి 1200 ముందుకొచ్చింది, నీ రెండో కె దాకా పని పోనే లేదు. కె 1 కామా 1 అని, తర్వాత కె 2 కామా 2ఎన్ అని రాయి. ఎక్కడ మొదలు, ఎక్కడ ఆపాలి, రెండూ చెప్పాలి. మ్యాన్ పేజీలో ఈ సంగతి ఒకే లైన్‌లో ఇరికించేశారు, ఆపే చోటు చెప్పకపోతే లైన్ చివర అని, అది తెలిసినోడికి తప్ప కొత్తోడికి కనపడదు. పూర్తి మాన్యువల్‌లో అయితే పాస్‌వర్డ్ ఫైల్‌ని ఐదో కాలమ్ మీద సార్ట్ చేసే ఉదాహరణతో సహా వివరంగా ఉంది. అది చదివి ఉంటే నువ్వు నాకు రాసే పనే ఉండేది కాదు.

మ్యాన్ పేజీ ఇంత పలచగా ఎందుకుందంటే దానికి ఒక కారణం ఉంది. 1971 నవంబర్ 3 తారీఖుతో వచ్చిన మొదటి యూనిక్స్ మాన్యువల్ నుంచి మ్యాన్ పేజీ అంటే కమాండ్‌కి ఒకటి రెండు పేజీల గుర్తు చీటీ లాంటిది. ఈ కమాండ్లు రాసిన గ్నూ ప్రాజెక్ట్ వాళ్ళు మాత్రం చాప్టర్లు, ఇండెక్స్ ఉన్న పుస్తకాలు కావాలని టెక్స్‌ఇన్ఫో అనే పద్ధతి పెట్టుకున్నారు, అసలు శ్రద్ధంతా అక్కడే పెట్టారు. ఈ కమాండ్ల మ్యాన్ పేజీలు ఎవరూ కూర్చుని రాసినవి కాదు, హెల్ప్‌టుమ్యాన్ అనే ప్రోగ్రామ్ ఆ టూల్ హెల్ప్ ఆప్షన్ చూపించే ముక్కల నుంచే తయారు చేస్తుంది. అందుకే మ్యాన్ సార్ట్, సార్ట్ హెల్ప్ దాదాపు ఒకటే. అసలు సరుకంతా పుస్తకంలో ఉన్నప్పుడు ఆ పుస్తకానికి దారి చూపించే అడుగు లైనే ఆ పేజీకి ప్రాణం. అది గట్టిగా ఉండాలి.

ప్రశ్న: సార్, నేను తిరుపతిలో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేస్తున్నాను. మా టీమ్ కోసం రాసిన టూల్‌కి హెల్ప్‌టుమ్యాన్‌తో మ్యాన్ పేజీ తీశాను. చివర్లో నేను రాయని పేరా ఒకటి వచ్చింది, దీని పూర్తి డాక్యుమెంటేషన్ టెక్స్‌ఇన్ఫో మాన్యువల్‌గా ఉంది, ఇన్ఫో కొట్టి చూడండి అని. మాకు అలాంటి మాన్యువల్ ఏదీ లేదు. ఉంచినా నష్టం లేదా?

జవాబు: నష్టం ఉందమ్మా, దయచేసి ఈరోజే తీసేయండి. హెల్ప్‌టుమ్యాన్‌కి ఏమీ చెప్పకపోతే ఆ పేరా తనంతట తనే పెట్టేస్తుంది. నో ఇన్ఫో అనే ఆప్షన్, పొట్టిగా మైనస్ పెద్ద ఎన్, ఇస్తే పెట్టదు. నిజంగా మాన్యువల్ ఉండి దాని పేరు వేరే అయితే ఇన్ఫో పేజ్ అనే ఆప్షన్‌తో సరైన పేరు ఇవ్వొచ్చు. ఈ రెండూ తెలియక లేని పుస్తకానికి దారి చూపించే మ్యాన్ పేజీలు ఎన్నో బయట తిరుగుతున్నాయి.

దీంట్లో ఇంకో చిక్కు ఉంది. ఇన్ఫో ప్రోగ్రామ్‌కి అడిగిన పుస్తకం దొరకకపోతే లేదని చెప్పి ఊరుకోదు, మ్యాన్ పేజీనే తెచ్చి చూపిస్తుంది. అంటే మీ టూల్ వాడే పిల్లోడు మ్యాన్ చదివి, అది చెప్పిందని ఇన్ఫోకి పోయి, అక్కడ మళ్ళీ అదే మ్యాన్ పేజీ, అదే పేరా చూస్తాడు. శ్రీవారిమెట్టుకి దారి ఏదంటే శ్రీనివాసమంగాపురం పోయి అడుగు అంటే సరే, అక్కడికి పోతే తిరుపతి పోయి అడుగు అని పంపితే ఆ మనిషి ఏం కావాల? నేను కొత్తగా నేర్చుకునే రోజుల్లో ఇట్లే ఒక టూల్ చుట్టూ సాయంత్రమంతా తిరిగా, నాకే చేతకావడం లేదేమో అనుకున్నా. నాకు తగిలింది అబద్ధపు పాయింటర్ అని చాన్నాళ్ళకి తెలిసింది.

అది తీసేశాక ఆ చోట ఏం రాయాలో కూడా ఆలోచించండి. పెర్ల్ భాష డాక్యుమెంట్లు చూపించే పెర్ల్‌డాక్ ఎట్ల చేస్తుందో చూడండి, డెబియన్‌లో (ఉబుంటుకి మూలమైన లినక్స్), ఉబుంటులో పూర్తి డాక్యుమెంట్లు వేసుకోకుండా అది కొడితే పెర్ల్ హైఫన్ డాక్ అనే ప్యాకేజీ వేసుకోండి అని పేరుతో సహా చెప్తుంది. లేనిది ఏదో, అది ఎట్ల తెచ్చుకోవాలో ఒక్క లైన్‌లో అయిపోయింది. నెట్ నుంచి ఫైళ్ళు తెచ్చే కర్ల్ అనే టూల్ ఇంకా ముందుకు పోయింది, మాన్యువల్ అనే ఆప్షన్ కొడితే మొత్తం పుస్తకాన్ని టూలే తెర మీద పోస్తుంది, నెట్ అక్కర్లేదు. మీది చిన్న టూలే కదా, ఈ పద్ధతి మీకు బాగా సరిపోతుంది. వెబ్ అడ్రస్ కూడా ఇవ్వండి, కానీ హోమ్ పేజీ అడ్రస్ ఇచ్చి వెతుక్కోమనకండి, ఆ కమాండ్ పేజీకే నేరుగా ఇవ్వండి, ఏ వెర్షన్‌దో కూడా రాయండి. కంప్యూటర్‌లోనే దొరికే దారి ముందు, వెబ్ దారి తర్వాత. రిలీజ్ చేసే ముందు ఏమీ వేయని కొత్త సిస్టమ్‌లో మీ మ్యాన్ పేజీ చివర ఉన్న ప్రతి లైన్‌నీ ఒకసారి కొట్టి చూడండి, ఐదు నిమిషాల పని.

ప్రశ్న: అన్నా, చిత్తూరు నుంచి. డెబియన్‌లో ఇన్ఫో మేక్ అని కొడితే మ్యాన్ పేజీనే వస్తా ఉంది, ఇన్ఫో వేసుకునే ఉన్నా. ఇంకోటి, మ్యాన్ సీడీ అంటే అసలు ఏమీ లేదంటాది.

జవాబు: మొదటిది లైసెన్స్ గొడవ. గ్నూ మాన్యువల్స్‌లో కొన్నిటికి మార్చకూడని భాగాలు ఉంటాయి, డెబియన్ రూల్స్ ప్రకారం అట్లాంటివి ఫ్రీ కిందికి రావు, అందుకే మేక్ (ప్రోగ్రామ్‌లని బిల్డ్ చేసే టూల్) పుస్తకాన్ని మేక్ హైఫన్ డాక్ అనే ప్యాకేజీగా విడదీసి నాన్-ఫ్రీ విభాగంలో పెట్టారు. ప్యాకేజీలు ఎక్కడి నుంచి రావాలో చెప్పే సోర్సెస్ లిస్ట్ ఫైల్‌లో నాన్-ఫ్రీ చేర్చి, ఆప్ట్ అప్‌డేట్ కొట్టి, ఆ ప్యాకేజీ వేసుకో, ఇన్ఫో మేక్ అంటే నిజమైన పుస్తకమే వస్తుంది. డెబియన్ వాళ్ళ నియమం వాళ్ళది, నేను కాదనను, కానీ ఆ ప్యాకేజీ పేరు మ్యాన్ పేజీ అడుగున ఒక లైన్ రాస్తే ఎంతమందికి శ్రమ తప్పుతుందో. తప్పులు డెబియన్ వాళ్ళకి తెలియజేసే రిపోర్ట్‌బగ్ అనే కమాండ్ డెబియన్‌లో ఉంది, ఆ లైన్ కావాలని అడుగు. ఏం కొట్టావు, ఏం వచ్చింది, ఏం వస్తుందనుకున్నావు, ఈ మూడు రాస్తే చాలు, ఇంగ్లీష్ గొప్పగా ఉండక్కర్లేదు.

సీడీ విడి ప్రోగ్రామ్ కాదు, షెల్ లోపల ఉండేది. హెల్ప్ సీడీ అని కొట్టు. ఏది లోపలిదో ఏది బయటిదో తెలియకపోతే టైప్ సీడీ అంటే చెప్తుంది.