టెక్సాస్‌లో పట్టిన భారీ బాస్ చేపను ప్రభుత్వానికి ఎందుకు అప్పగిస్తారు?

విత్తనం కోసం. లార్జ్‌మౌత్ బాస్ అనే ఈ మంచినీటి చేపల్లో బాగా పెరిగేవి ఆడచేపలే. కాబట్టి 13 పౌండ్ల (సుమారు 5.9 కిలోల) చేప దొరికిందంటే అది దాదాపుగా తల్లిచేపే. టెక్సాస్ పార్కులు, వన్యప్రాణుల శాఖ 1986లో షేర్‌లంకర్ పథకం మొదలుపెట్టింది. జనవరి నుంచి మార్చి వరకు అంత బరువున్న చేప పడితే, సిబ్బంది వచ్చి దాన్ని ప్రాణంతోనే టెక్సాస్‌లోనే ఉన్న ఏథెన్స్ పట్టణంలోని చేపల కేంద్రానికి తీసుకెళ్తారు. అక్కడ గుడ్లు పెట్టించి, పిల్లలను జలాశయాల్లో వదులుతారు. మొదటి చేప లేక్ ఫోర్క్ జలాశయంలో పడిన 17.67 పౌండ్ల ‘ఎథెల్’. దానికి పేరు కూడా పెట్టుకున్నారంటే మోజు ఎంతో ఊహించండి!

అసలు మలుపు మాత్రం అంతకుముందే వచ్చింది. 1970ల్లో ఫ్లోరిడా రకం బాస్‌ను తెచ్చి టెక్సాస్ నీళ్లలో వదిలారు. స్థానిక రకం కంటే అది చాలా పెద్దగా పెరుగుతుంది.

అయితే జాతి ఒక్కటే చాలదు. సమృద్ధిగా మేత, వెచ్చని నీరు ఉండాలి. పట్టిన పెద్ద చేపలను తిరిగి వదిలే అలవాటు ఉండాలి. నా దృష్టిలో అదే ముఖ్యం. ఇంత చేసినా టెక్సాస్ రికార్డు 1992 నాటి 18.18 పౌండ్ల దగ్గరే ఉంది. ప్రపంచ రికార్డు 22 పౌండ్ల పైమాటే: 1932లో జార్జియాలో పడిన చేపతో 2009లో జపాన్‌లోని బివా సరస్సు చేప సమంగా నిలిచింది.