తుపాకుల సినిమా రాస్తున్న మేనల్లుడికి

పర్లాకిమిడి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నీ కథ రెండుసార్లు చదివాను. మొదటి పది పేజీల్లో పదకొండు పేలుళ్లున్నాయి. నాకు నవ్వు వచ్చింది మాత్రం ఒక్కచోటే, నీ ఆయుధాల వ్యాపారి రేవులో రసీదు కోసం గుమాస్తాను బతిమాలుకునే చోట. కథను అక్కడి నుంచి మొదలుపెట్టు.

ముప్పై ఏళ్లు పార్శిల్ ఆఫీసులో కూర్చున్నవాణ్ని, చెబుతున్నాను విను. ఒకసారి ‘పాత పుస్తకాలు’ అని రాసిన పెట్టె వచ్చింది. ఎండుచేపల వాసన ప్లాట్‌ఫారం దాకా కొట్టింది. కాగితాలన్నీ సరిగ్గానే ఉన్నాయి, ముద్ర వేసి పంపించాను. నీ వ్యాపారి బతికేది నాలాంటివాడి ముద్ర మీదే. దేశాలు దాటే దొంగ తుపాకుల్లో చాలా భాగం లైసెన్సున్న కర్మాగారాల్లోనే పుడతాయి, దారిలో చేతులు మారతాయి.

1995 డిసెంబరు 17 రాత్రి పురూలియాలో విమానం నుంచి ఏకే-47లు జారవిడిచిన ఉదంతం చదువు. బల్గేరియాలో ఆ సరుకు కొనడానికి చూపిన తుది వినియోగదారు పత్రంలో, అంటే సరుకు చివరికి ఎవరికి చేరుతుందో చెప్పే కాగితంలో, బంగ్లాదేశ్ పేరుంది. పెట్టెలు పడింది పశ్చిమ బెంగాల్ పల్లెల మీద. నాలుగైదు రోజులకే అదే విమానం మళ్లీ మన గగనతలంలోకి వచ్చింది, అప్పుడు బొంబాయిలో దింపించారు. ఇది నువ్వు కల్పించి రాస్తే ఏ నిర్మాతా నమ్మడు.

వ్యాపారి చేత గర్జనలు చేయించకు. పండక్కి మిఠాయి పంపే టోకు వర్తకుడిలా ఉండాలి, ‘తుపాకీ’ అనే మాట నోట రాకూడదు, ‘సరుకు’ అనాలి. 2013లో ఐక్యరాజ్యసమితిలో ఆయుధ వ్యాపార ఒప్పందం ఓటుకు వచ్చినప్పుడు మన దేశం తటస్థంగా ఉండిపోయింది. ఆ వార్త టీవీలో వస్తుంటే అతను ఏం తింటున్నాడో రాయి. నటుడు మాత్రం నవ్వకూడదు సుమా!

మన ఒడిశాలోని కోరాపుట్‌లో 2004లో నక్సలైట్లు పోలీసు ఆయుధాగారం దోచుకున్న ఘటనను హాస్యానికి వాడావు. తీసేయి. ఆ రాత్రి భయపడినవాళ్లు ఇంకా ఇక్కడే ఉన్నారు, నీ సినిమాకు టికెట్టు కొనేదీ వాళ్లే.

నీ పాత్రల ఒడియా ‘నమస్కార్’ దగ్గరే ఆగిపోయింది. అత్తయ్య పెన్సిలు పట్టుకుని దిద్దుతోంది. రథయాత్రకు వస్తావుగా, అప్పటికి తిరగరాసి తీసుకురా. పేలుళ్లు రెండు చాలు.

మీ మామయ్య